అబిగయీలు తర్జుమా

సూళ్లూరుపేటలో రైల్వేస్టేషను నుంచి బజారుకు వచ్చే దారిలో మందుల షాపుకూ చెప్పుల కొట్టుకూ నడుమ ఒక ఇరుకు గది ఉంది. అందులో రెండు కుట్టుమిషన్లు. ఒకటి నడుస్తుంది. రెండోది ఏనాడో పాడైతే దాని మీద కత్తిరించిన గుడ్డలు పేర్చుకుంటారు. ముప్పయ్యేళ్లుగా అబిగయీలు అక్కడ జాకెట్లు కుడుతోంది. ఇప్పుడామెకు యాభై ఆరు. మనిషి పొట్టి, గొంతు మాత్రం గట్టిది.

ఆ గొంతు సంగతి బజారువాళ్లకన్నా చర్చిలకు వెళ్లేవాళ్లకు బాగా తెలుసు. ఏటా జరిగే ప్రార్థన కూటాలకు తమిళనాడు నుంచి ప్రసంగీకులు వస్తారు. వాళ్లు తమిళంలో ఒక వాక్యం చెప్పి ఆగితే, పక్కన మరో మైకు ముందు నిలబడి దాన్ని తెలుగులో చెప్పేది అబిగయీలే. ఇరవై అయిదేళ్ల కిందట తర్జుమా చేసే పెద్దాయనకు గొంతు పట్టేసి, ఆయన బదులు ఒక్క పూట నిలబడింది. ఆ తరువాత పిలవని ఏడాది లేదు. ప్రసంగీకుడు ‘నేను’ అంటే ఆమె కూడా ‘నేను’ అంటుంది. ఆయన గొంతు తగ్గిస్తే ఆమె తగ్గిస్తుంది. ఆయన ఏడిస్తే మాత్రం ఏడవదు. ఇద్దరూ ఏడిస్తే వినేవాళ్లకు ఏమీ వినపడదని ఆమె లెక్క.

తమిళం ఆమెకు తల్లి భాష. తల్లిది పళవేర్కాడు దగ్గర పల్లె. తండ్రిది సూళ్లూరుపేట, రైల్వేలో గ్యాంగ్‌మన్. ఇంట్లో తల్లి తమిళంలో అడిగేది, తండ్రి తెలుగులో జవాబిచ్చేవాడు. ఇద్దరికీ మాటలు లేని రోజుల్లో మధ్యలో నిలబడి చెప్పేది ఎనిమిదేళ్ల అబిగయీలు. ఒకసారి తల్లి, “మీ నాన్నతో చెప్పు, నన్ను ఆపేవాళ్లు ఎవరూ లేరు గనక రేపు పుట్టింటికి పోతున్నానని” అంది. ఆ మాట చెప్పడానికి పిల్లకు భయం వేసింది. గొడవ పెరగకూడదని, “అమ్మకి అమ్మమ్మని చూడాలని ఉందంట నాన్నా” అని చెప్పింది. ఆయన, చూసి రమ్మను, దానికేం అన్నాడు. మర్నాడు తల్లి రైలెక్కింది. నాలుగు నెలలు రాలేదు. రైలు కదిలేదాకా ఆయన వచ్చి ఆపుతాడని చూశానని ఆమె చాలా ఏళ్ల తరువాత, కూతురి పెళ్లప్పుడు చెప్పింది. మంచికే అయినా సరే, ఒకరి మాటను ఇంకొకరికి మార్చి చెప్పకూడదని అబిగయీలు ఆ రోజు గట్టిగా అనుకుంది.

నేను చెప్పబోయే గొడవ రెండేళ్ల కిందటి మార్చి నెలది.

పులికాట్ సరస్సు మన వైపు కొంత, తమిళనాడు వైపు కొంత. నీళ్ల మీద గీత ఉండదు. మన వైపున్న నడికుప్పం వాళ్లూ, అవతలి మేలక్కుప్పం వాళ్లూ తాతల నాటి నుంచి ఏ నీళ్లలో ఎవరు వల వేయాలో మాట మీద నడుపుకుంటున్నారు. ఆ ఏడాది రొయ్య తక్కువ పడింది. నడికుప్పం కుర్రవాళ్లు కొందరు సన్నకన్ను వల తీసుకుని అవతలి నీళ్లలోకి వెళ్లారు. ఆ వలకు రొయ్యపిల్లలు కూడా మిగలవు. మేలక్కుప్పం వాళ్లు చుట్టుముట్టి రెండు పడవలూ వలలూ లాక్కుపోయారు. అందులో ఒక పడవ మధుబాబుది. ముప్పయ్యేళ్లవాడు, పనిమంతుడు, కోపం ముక్కు మీద ఉన్నవాడు. పడవల మీదున్న వాళ్లందరినీ దింపేసి, నడుంలోతు నీళ్లలో నడిచి ఇంటికి పొమ్మన్నారు. మధ్యాహ్నపు ఎండలో బురదలో కాళ్లు దిగబడుతూ వాళ్లు రెండు గంటలు నడిచారు. ఒడ్డున ఊరంతా నిలబడి చూసింది.

రెండు వైపులా పెద్దలను కూర్చోబెట్టి అధికారులు ఒకసారి మాట్లాడించారు. నడికుప్పం పెద్ద చిన్నపోలయ్య. మేలక్కుప్పం పెద్ద ఏలుమలై. ఇద్దరూ అరవై దాటినవాళ్లు, చిన్నప్పటి నుంచి ముఖాలు ఎరిగినవాళ్లే. చేపల బేరానికి సరిపడా ఒకరి భాష ఒకరికి వచ్చు. అందుకని అక్కడ తర్జుమాకి ప్రత్యేకంగా ఎవరినీ పెట్టలేదు. రెండు భాషలూ కాస్త తెలిసిన గుమాస్తా ఒకాయన మధ్యమధ్య, వాళ్లు ఏమంటున్నారంటే అని సారాంశం చెప్పాడు. గంటన్నర అయ్యాక ఏలుమలై ఏదో ఒక మాట అన్నాడు. చిన్నపోలయ్య కుర్చీ వెనక్కి తోసి లేచాడు. ఆయనతో పాటు నడికుప్పం మొత్తం లేచింది. మాటలు అక్కడితో తెగిపోయాయి.

ఆ తరువాత వచ్చిన గురువారం పొద్దున చిన్నపోలయ్య భార్య వనజాక్షి అబిగయీలు అంగడికి వచ్చింది. ఆమె చెల్లెలి కూతురి పెళ్లికని నాలుగు జాకెట్లు ఇచ్చి ఉంది. అవి ఇంకా కాలేదు. అబిగయీలు తప్పు చేసినట్టు చూస్తుంటే, వనజాక్షి స్టూలు మీద కూలబడి, “తొందర లేదులేక్కా. ఆదివారం అయినాక చూసుకుందాం. ఆదివారం గడిస్తే గదా పెళ్లీ గిళ్లీ” అంది.

ఆదివారం ఏముందని అబిగయీలు అడిగింది. వనజాక్షి మెల్లగా చెప్పుకొచ్చింది. ఆదివారం పొద్దున్నే ఇరవై పడవల్లో కుర్రవాళ్లు మేలక్కుప్పం పోతున్నారట. పడవలు తెస్తామంటున్నారట. చేతుల్లో గడలు ఉంటాయి, అవతలివాళ్ల చేతుల్లోనూ ఉంటాయి. తన ఇద్దరు కొడుకులూ పోతున్నారు. భర్త ఆపడం లేదు. ఆపడానికి ఆయన దగ్గర మాట లేదు.

“అంతమంది ముందర ఆ ముసిలాయన, మీతో మాకేం అవసరం లేదు అన్నాడంట. ఇంక ఈయన ఏం మొకం పెట్టుకోని ఆపతాడు?”

అబిగయీలు మిషను తొక్కడం ఆపింది. ఆయన అలా తెలుగులో అన్నాడా అని అడిగింది.

“లేదు, అరవంలోనే. ఆ మాత్రం అరవం మాకు తెలీదా?”

“ఆయన ఏ మాట అన్నాడో ఆ మాటే చెప్పు వనజా. నీకు తెలిసిన అర్థం చెప్పొద్దు. ఆయన నోట్లో మాట చెప్పు.”

వనజాక్షి కళ్లు మూసుకుని గుర్తుచేసుకుంది. ఊళ్లో పదిమంది పదిసార్లు అనుకున్న మాట, మరిచిపోయేది కాదు. “‘ఎంగళుక్కు అవసరం ఇల్లై’ అన్నాడు. అవసరం ఇల్లై. ఇందులో తెలియందేముంది?”

అబిగయీలు చేతిలో గుడ్డ పక్కన పెట్టేసిందట.  తమిళంలో అవసరం అంటే తొందర. మనం అత్యవసరం అనేదానికి దగ్గర మాట. కావాల్సి ఉండటం అనే మన అర్థం దానికి లేదు. కూటాల్లో మొదటి ఏడాది ఆమె కూడా ఆ మాట దగ్గర ఒకసారి తడబడి, తరువాత జాగ్రత్త పడింది.

“ఇందాక నువ్వు నాతో తొందర లేదులేక్కా అన్నావే, ఆ మాటని మా అమ్మ భాషలో చెప్పాలంటే నేను అవసరం ఇల్లై అనే చెప్తాను” అంది.

వనజాక్షికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక లేచి అబిగయీలు చెయ్యి పట్టుకుని, నాతో రా అంది. కుట్టాల్సిన గుడ్డలు మిషను మీద అలాగే ఉండగా అంగడి తలుపు వేసుకుని ఇద్దరూ బయలుదేరారు. అబిగయీలు భర్త జడ్సన్‌కు ఆటో ఉంది. అతనే తీసుకెళ్లాడు. దారంతా అతను వద్దనే చెప్పాడు. ఊళ్ల గొడవల్లో తలదూర్చినవాళ్లకే మొదటి దెబ్బ తగులుతుందన్నాడు. నీ మేనమామ పిల్లలు ఆ వైపే ఉన్నారు, వీళ్లు నిన్ను నమ్మరన్నాడు.

అతనన్నట్టే అయింది. చిన్నపోలయ్య ఇంటి వసారాలో పదిహేనుమంది ఉన్నారు. అబిగయీలు చెప్పిందంతా విని మొదట మధుబాబే మాట్లాడాడు. ఈమె వాళ్ల మనిషి, వాళ్ల మాటకి పైపూత పూయడానికి వచ్చిందన్నాడు. అబిగయీలు వాదించలేదు. మీరు నన్ను నమ్మాల్సిన పని లేదు, ఆయన నెంబరు మీ దగ్గర ఉంది కదా, ఫోను చేసి ఆయన్నే అడగండి అంది.

చిన్నపోలయ్య ఫోను తీసి స్పీకరులో పెట్టాడు. ఏలుమలై ఎత్తాడు. అబిగయీలు తను ఎవరో, ఎక్కడి నుంచి మాట్లాడుతోందో, చుట్టూ ఎవరు వింటున్నారో ముందుగా చెప్పింది. తరువాత అడిగింది. అడిగిన ప్రతి మాటనూ తెలుగులో మళ్లీ చెప్పి, ఇదే నేను అడిగాను అని వసారాలో వాళ్లకు వినిపించింది. ఆ రోజు మీరు అవసరం ఇల్లై అన్నారు, ఏ ఉద్దేశంతో అన్నారు అని.

 ఏలుమలై జవాబు చెప్పాడు. దాన్ని అబిగయీలు ఆయన గొంతు తీరులోనే తెలుగులో చెప్పింది.

“మీరు ఊరికి పోయి మీవాళ్లతో మాట్లాడుకోవాల గదా. నాలుగు రోజులు పట్టినా పరవాలేదు, మాకు తొందర లేదు అన్నాను. మీరు కుర్చీలు తోసేసి పోయినారు. నేను అంత కాని మాట ఏమన్నానా అని ఈ రోజు దాకా మా ఊళ్లో అడగతానే ఉండారు.”

  చిన్నపోలయ్య ఫోను వైపే చూస్తూ చిన్నగా, ఆ రోజు నేనా మాట ఎవర్నీ అడగలేదు, నాకు వచ్చుననుకున్నాను అన్నాడు. అది ఎవరితో అన్నాడో తెలియదు.

మధుబాబు మాత్రం తేలిగ్గా వదల్లేదు. “సరేక్కా, మాట తప్పుగా విన్నాం. ఒప్పుకుంటా. నా పడవ పొయ్యింది కూడా తప్పుగా చూసినానా?” అన్నాడు.

అతను అడిగినదాంట్లో న్యాయం ఉంది. అబిగయీలు కూడా అదే అంది. మాట ఒకటి సరిచేసుకున్నంత మాత్రాన పడవలు రావు. కానీ ఆదివారం బదులు శనివారం ఇంకోసారి కూర్చోవచ్చు. చిన్నపోలయ్య ఫోనులోనే అడిగాడు. ఏలుమలై సరేనన్నాడు. ఈసారి తర్జుమా అబిగయీలే చేయాలన్నారు రెండు వైపులవాళ్లూ.

ఆ మాట వినగానే ఆమెకు పారిపోవాలనిపించిందట. కూటంలో ఒక మాట జారితే పాస్టరుగారు తరువాత మెల్లగా చెప్తారు. ఇక్కడ జారితే ఎవరి తల పగులుతుందో. అయినా కాదనలేకపోయింది. మూడు షరతులు మాత్రం పెట్టింది.

ఒకటి, తనతో మాట్లాడకూడదు. ‘వాళ్లతో చెప్పు’ అనకూడదు. ఎదుటివాళ్ల ముఖం చూసి ‘మీరు’ అనే మాట్లాడాలి. రెండు, ఎవరేమన్నా తను ఒక్క మాట కూడా వదలదు, తిట్టయినా సరే. మూడోదానికి అందరూ అభ్యంతరం చెప్పినా ఆమె తగ్గలేదు. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు తప్ప గదిలో ఎవరూ నిలబడకూడదు. కుర్రవాళ్లు రావచ్చు, బయట ఉండాలి.

మూడోది ఎందుకని నేను ఆమెను అడిగాను. కూటాల్లో చూసి నేర్చుకున్నదే అంది. ప్రసంగీకుడు ముందు వరుసనే చూస్తూ మాట్లాడతాడు. గొంతు మాత్రం చివరి వరుస కోసం లేపుతాడు. పందిరి నిండా జనం ఉన్న రోజు ఒకలాగా, ఇరవైమంది ఉన్న వానరోజు ఒకలాగా మాట్లాడతాడు. వానరోజే ఆయన మనసులో మాట బయటికి వస్తుంది. మొదటి సమావేశంలో చిన్నపోలయ్య వెనక నలభైమంది నిలబడ్డారని వనజాక్షి చెప్పినప్పుడే, ఆ రోజు ఆయన ఏలుమలైతో మాట్లాడి ఉండడని ఆమెకు తోచింది. వెనకున్న నలభైమందితో మాట్లాడి ఉంటాడు. ఏలుమలై కూడా అంతే.

శనివారం తొమ్మిదింటికి తడలో హైవే పక్కనున్న కల్యాణమండపంలో కూర్చున్నారు. పెళ్లి ఏదో ముందురోజే అయింది కాబోలు, పూలదండలు ఇంకా తీయలేదు. రెండు వైపుల నుంచీ వచ్చిన కుర్రవాళ్లు బయట రోడ్డు పక్క టీకొట్టు దగ్గర ఉండిపోయారు. లోపల రెండు వరుసల ప్లాస్టిక్ కుర్చీలు. మధ్యలో ఒక పక్కగా అబిగయీలు. పడవ పోయినవాడు గనక మధుబాబు కూడా అయిదుగురిలో ఉన్నాడు.

మొదట ఏలుమలై మాట్లాడాడు. చాలా సేపు నిప్పులు కక్కాడు. దొంగలన్నాడు, కడుపు కొట్టినవాళ్లన్నాడు. అబిగయీలు దొంగలని చెప్పింది, కడుపు కొట్టినవాళ్లని చెప్పింది, ఆయన చెయ్యి ఊపిన చోట కాస్త ఆగింది కూడా. నడికుప్పం వాళ్ల ముఖాలు మాడిపోయాయి. కానీ కోపంలో మనిషి ఎప్పటికీ అలాగే ఉండలేడు. పది నిమిషాలయ్యాక, ఆహా అనేవాళ్లు వెనక ఎవరూ లేరు గనక, ఆయన గొంతు తగ్గింది. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. ఆమె దాన్ని ‘నేను’ అనే చెప్పింది.

“మాకు ఈ ఏడాది రొయ్య లేదు. మూడిండ్లవాళ్లు తాళాలేసి మద్రాసుకి కూలికి పొయ్యినారు. అందులో ఒకటి నా తమ్ముడి ఇల్లు. మీ వల మా నీళ్లలో రొయ్యపిల్లల్ని ఊడ్చేస్తే వచ్చే ఏడాది ఇంకో మూడిండ్లు పోతాయి. వాళ్లు పోతా ఉంటే నేను ఊరి పెద్దని, చూస్తా నిలబడినాను.”

నెల్లూరు తెలుగులో, ఒక ఆడమనిషి గొంతులో ఆ మాట విన్నప్పుడు చిన్నపోలయ్య తల ఎత్తి ఏలుమలైని చూశాడు. అంతవరకూ చూడలేదు.

తరువాత మధుబాబు వంతు వచ్చింది. రెండు వాక్యాలు సరిగానే మాట్లాడాడు. మూడో వాక్యంలో ఏలుమలై తల్లిని కలిపి ఒక బూతు అన్నాడు. తమిళులకు ఆ బూతు అర్థం కాలేదు గానీ, వాడి ముఖం అర్థమైంది. అందరూ అబిగయీలు వైపు చూశారు.

ఆమె వెంటనే చెప్పలేదు. మధుబాబు వైపు తిరిగింది. “బాబూ, ఈ మాట నేను చెప్పాల. వదలనని ముందే చెప్పినాను. చెప్పేటప్పుడు నేను అన్నట్టే అంటాను, ఆ పెద్దాయన మొకం చూసి. చెప్పమంటావా?”

ఆమె ఎదురుచూసింది. తిట్టలేదు, నీతి చెప్పలేదు. మధుబాబు ఆమె నెరిసిన జుట్టును, మెడలో వేలాడుతున్న టేపును చూశాడు. హడావుడిలో టేపు తీయడం మరిచిపోయి వచ్చింది. వాడు తల దించుకుని, “వద్దులేక్కా. ఆ మాట తీసెయ్” అన్నాడు.

“అయితే ఆ మాట బదులు ఏం చెప్పాలో నువ్వే చెప్పు.”

మధుబాబు చెప్పాడు. పడవ సంగతి కూడా కాదు. పట్టుకున్నారు, పట్టుకోవచ్చు, తప్పు తమదీ ఉంది. కానీ నీళ్లలో నడిపించారు. ఒడ్డున తన భార్య భానుప్రియ ఉంది, నాలుగేళ్ల కూతురు ఉంది. బట్టలన్నీ బురదై, పశువును తోలినట్టు తోలితే వచ్చిన తండ్రిని ఆ పిల్ల చూసింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల ముందు కూర్చుని అన్నం తినలేకపోతున్నానన్నాడు. ఆ మాటలను అబిగయీలు తమిళంలో చెప్పసాగింది. మధ్యలో ఆగి, నీళ్లు తాగి, మళ్లీ మొదటి నుంచి చెప్పింది, ఒక్క ముక్క పోకుండా.

ఏలుమలై పక్కన కూర్చున్న మనిషి ఏదో అనబోతే ఆయన చేయెత్తి ఆపాడు. 

అప్పుడు చిన్నపోలయ్య మాట్లాడాడు. సన్నకన్ను వల వాడకూడదని నడికుప్పంలో అంతకు రెండేళ్ల ముందే ఊరంతా కూర్చుని కట్టడి చేసుకున్నారట. ఆ కట్టడిని తన ఊరి పిల్లలే తెంచారు. మొదటి సమావేశంలోనే ఆయనకు ఆ సంగతి తెలుసు, చెప్పలేకపోయాడు. “నలభైమంది నా వెనక నిలబడి నేను గెలవాలని చూస్తా ఉంటే ఎట్టా చెప్పేది? ఇప్పుడు చెప్తా ఉండా. మా కట్టడి మేమే కాపాడుకోలేదు” అన్నాడు. అబిగయీలు దాన్ని తమిళంలో చెప్తుంటే ఆయన కళ్లు మూసుకుని తన మాటనే రెండోసారి విన్నాడు.

ఏలుమలై కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మధుబాబు వైపు చూస్తూ, “అదు ఎంగ తప్పు దాన్” అన్నాడు. నడిపించిన సంగతి.

అబిగయీలు నోరు తెరిచింది. తెరిచి, మళ్లీ మూసుకుంది. తప్పు అనే మాట రెండు భాషల్లోనూ తప్పే. మధుబాబుకు అర్థమైందని వాడి ముఖమే చెబుతోంది. అయినా ఈసారి ఎవరూ అనుకున్నదాంతో సరిపెట్టుకోకూడదని, “అది మా తప్పే అంటా ఉండారు. మీరు విన్నది సరిగానే విన్నారు” అంది.

మిగతాదంతా ఒక గంటలో అయిపోయింది. పడవలు మర్నాడే తిరిగి ఇస్తారు. సన్నకన్ను వల రెండు ఊళ్లలోనూ ఉండకూడదు. పడవలతో పాటు తిరిగొచ్చే ఆ వలలను నడికుప్పం వాళ్లే కోసేస్తారు. ఎవరి పడవైనా అవతలి నీళ్లలోకి వస్తే పట్టుకునే ముందు ఊరి పెద్దకు ఫోను చేయాలి. మనిషిని నీళ్లలో దింపకూడదు. కాగితం మీద రెండు భాషల్లోనూ రాశారు. తెలుగు కాగితాన్ని అబిగయీలు తమిళంలో, తమిళ కాగితాన్ని తెలుగులో పైకి చదివింది. చదువుతున్నప్పుడు ఒకచోట ‘అవసరం’ అనే మాట వచ్చింది. పదిమందీ ఒకేసారి చెయ్యెత్తి ఆపారు. ఆ మాట కొట్టేసి వేరే మాట వేసుకున్నారు. ఆ రోజు ఆ గదిలో మొదటిసారి నవ్వులు వినబడ్డది అప్పుడే.

బయటికి వచ్చేసరికి పన్నెండున్నర. జడ్సన్ ఆటో దగ్గర నిలబడి ఉన్నాడు. ఏమైందని అడిగాడు. పొద్దుటి నుంచి మాట్లాడి మాట్లాడి ఆమెకు గొంతు పోయింది. చేత్తో, అయిపోయింది, మంచిగానే అయిపోయింది అన్నట్టు చూపించి వెనక సీట్లో కూర్చుంది. సూళ్లూరుపేట వచ్చేదాకా అతనే మాట్లాడాడు. పొద్దున్నుంచి ప్రాణం అరచేతిలో పెట్టుకుని టీకొట్టు దగ్గరే ఉన్నాడట. అటువాళ్లొక బెంచీ, ఇటువాళ్లొక బెంచీ, రెండు గంటల సేపు ఒకళ్లనొకళ్లు కొరకొరా చూసుకున్నారట. పదకొండింటికి క్రికెట్టు మ్యాచి మొదలైంది. చివరికి ఫోనులో చార్జింగు మిగిలింది ఒక్క మేలక్కుప్పం కుర్రాడికే. చివరి అరగంట రెండు ఊళ్లవాళ్లూ ఆ ఒక్క ఫోను మీద పడి చూశారట. అబిగయీలు వింటూ నవ్వింది. నవ్వుతూ ఉండగానే ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు. అక్కడ ఎవరికీ ఏమీ వినపడాల్సిన పని లేదు గదా అని నాతో అంది.

ఆదివారం ఆమె ప్రార్థనలో ఉండగా వనజాక్షి నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. బయటికి వచ్చి చేసింది. పడవలు వచ్చేశాయి. మేలక్కుప్పం వాళ్లే సగం దూరం తోసుకొచ్చి అప్పగించారు. ఒక పడవ అడుగున చిన్న చిల్లు పడితే తారు పూసి మరీ తెచ్చారు. తన కొడుకులిద్దరూ ఇంట్లోనే ఉన్నారని, పొద్దెక్కినా ఇంకా పడుకునే ఉన్నారని, లేపబుద్ధి కాలేదని వనజాక్షి చెప్పింది. చెప్పినదే మూడుసార్లు చెప్పింది. అబిగయీలు మూడుసార్లూ విన్నది.

ఆ తరువాత రెండు ఊళ్ల మధ్య గొడవలే లేవని చెప్పను. కిందటేడు ఒక వల తెగింది, ఫోన్లు నడిచాయి, కేకలు వేసుకున్నారు. పడవలు మాత్రం ఎవరూ పట్టుకోలేదు. రొయ్య కూడా కాస్త మెరుగని మేలక్కుప్పం నుంచి కబురు. మద్రాసుకు పోయిన మూడిళ్లలో ఒకరు తిరిగొచ్చారు. మిగతా రెండిళ్లకూ తాళాలు అలాగే ఉన్నాయి.

పడవలు వచ్చిన మర్నాడు, సోమవారం, అబిగయీలు అంగడి తెరిచేసరికి నలుగురు ఆడవాళ్లు గుమ్మంలో ఉన్నారు. ఎవరి జాకెట్టూ కాలేదు. గురువారం ఇస్తానంటివి, ఆ రోజే తలుపేసి యాడికి పొయ్యినావు, మా పిల్ల ఫంక్షను ఎల్లుండే అని నలుగురూ ఒక్కసారే అందుకున్నారు. ఆమె గుడ్డల మీద దుమ్ము దులుపుకుని, సూదిలో దారం ఎక్కించుకుని కూర్చుంది. తిట్లన్నీ వింటూ ఉంది. ఆ మాటలు ఇంకెవరికీ చెప్పాల్సినవి కావు. అన్నీ తనకే. వాటిలో చాలావరకు నిజం కూడా. మొదట ఎవరిది కావాలో మీలో మీరే తేల్చుకోండమ్మా అని, మిషను తొక్కడం మొదలుపెట్టింది.